వారాంతపు తెలుగు తరగతి: పిల్లల మాట పెరిగిందో లేదో దేన్నిబట్టి కొలవాలి?

మారతహళ్ళి_బడి:

నమస్తే అండీ. బెంగళూరులో, మారతహళ్ళి వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో శని ఆదివారాలు గంటన్నర చొప్పున తెలుగు తరగతి నడుస్తోంది. 18 మంది పిల్లలు, వయసు 5 నుంచి 7. తెలుగు అందరికీ అర్థమవుతుంది. జవాబు మాత్రం ఇంగ్లీషులోనో, కింద ఆడుకునే చోట అబ్బిన కన్నడంలోనో వస్తుంది. అక్షరాలు ప్రస్తుతానికి పక్కన పెట్టి మాట్లాడించడమే పనిగా పెట్టుకున్నాం. ఆరు నెలలయ్యాక "బాగా మెరుగయ్యారు" అని నోటిమాటగా చెప్పడం కాకుండా లెక్క చూపించాలి.

అనుకున్నది ఇదీ: జూన్ మొదటి వారంలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి ఒక్కొక్కరినీ పది నిమిషాలు ఫోన్లో రికార్డు చేసి, పిల్లల భాషను పరిశోధించిన రోజర్ బ్రౌన్ పద్ధతిలో పలుకు సగటు పొడవు, అంటే ఎంఎల్‌యూ, కట్టడం. ఇది సరైన కొలతేనా? ప్రత్యయాల్ని ఎలా లెక్కపెట్టాలి? కన్నడ, ఇంగ్లీషు మాటలుంటే తీసేయాలా? ఫోను సరిపోతుందా?

ధాతువు:

ముందు బ్రౌన్ సంగతి. 1973లో ఆయన అచ్చు వేయించిన లెక్కలు ఆడం, ఈవ్, సారా అనే మారుపేర్లున్న ముగ్గురు అమెరికా పిల్లలవి. ఆ సగటు 4 దాటాక బిడ్డ వ్యాకరణం కంటే ఎదుటివాళ్ళు ఎలా మాట్లాడించారన్నదే అంకెలో ఎక్కువ కనిపిస్తుందని ఆయనే చెప్పాడు. ఐదేళ్ళు నిండిన పిల్లలకి అది పెద్ద అక్కరకు రాదు. ఇంగ్లీషు పిల్లల వయసు పట్టికతో మీ అంకెల్ని పోల్చడమైతే అసలే కుదరదు.

తెలుగులో ఇంకో చిక్కుంది. "అమ్మ నాకు బొమ్మలు కొనిచ్చింది" తీసుకోండి. పదాలుగా 4. పదాంశాలుగా, అంటే అర్థమున్న అతి చిన్న ముక్కలుగా, చూస్తే అమ్మ 1, నా-కు 2, బొమ్మ-లు 2. ఇక కొనిచ్చింది. దాన్ని కొను, ఇ, ఇచ్చు, భూతకాలం, చివరి "ది" అని విడగొడితే 5, మొత్తం 10. "కొనిచ్చు" ఒకే క్రియ అనుకుంటే 3, మొత్తం 8. మొదటిసారి లెక్క ఒకరు, రెండోసారి మరొకరు కడితే పిల్లాడు ఒక్క కొత్త మాట నేర్వకుండానే అంకె పెరిగిపోతుంది. కాబట్టి నియమాలు రికార్డింగుకి ముందే ఒక పేజీలో రాసిపెట్టుకోండి. ప్రత్యయాన్ని విడిగా లెక్కించాలంటే ఆ బిడ్డ దాన్ని కనీసం రెండు వేర్వేరు మాటలకు తగిలించి ఉండాలి. "ఇంట్లో" ఒక్కటే అని, "బడిలో", "గిన్నెలో" ఎక్కడా అనకపోతే అది పలుకుబడిగా అబ్బిన ముక్క, ఒకటిగానే లెక్క.

ఈ వయసుకి నేనైతే పొడవు వదిలేసి క్రియల అతుకులు చూస్తాను. "పిల్లి వచ్చింది. గిన్నె పడింది. పాలు పోయాయి" అన్న బిడ్డ వేరు, "పిల్లి వచ్చి గిన్నె తోసేస్తే పాలన్నీ ఒలికిపోయాయి" అన్న బిడ్డ వేరు. చూడాల్సినవి ఐదు: క్త్వార్థకం (వచ్చి), శత్రర్థకం (ఏడుస్తూ), చేదర్థకం (తోస్తే), ధాతుజ విశేషణం (పడిన గిన్నె), ఇంకా ఒకరి మాటని వాక్యంలో కలిపే "అని". ఇందులో ఎన్ని రకాలు వచ్చాయి, ఒక్కో రకం ఎన్ని వేర్వేరు క్రియలతో వచ్చింది అని రాయండి. వచ్చి, చూసి, తీసి, పెట్టి అని గొలుసు కట్టుకుంటూ పోతే పలుకు పొడవు ఎంతైనా పెరుగుతుంది, రకం మాత్రం ఒకటే.

ఇంకొకటి. "వచ్చినాడు", "వచ్చిండు" తప్పులు కావు. బెంగళూరులో ఒక ఇంట్లో రాయలసీమ మాట, పక్కింట్లో తెలంగాణ మాట, ఇంకో ఇంట్లో తరతరాలుగా ఇక్కడే ఉన్నవాళ్ళ తెలుగు. ఆ ఇంటి మాటే ఆ బిడ్డకు కొలబద్ద.

అరసున్నా:

జూన్ మొదటి వారం వద్దే వద్దు. ఏప్రిల్, మే సెలవుల్లో అమ్మమ్మగారి ఊళ్ళో గడిపి వచ్చిన పిల్లల తెలుగు అప్పుడే బాగా పదునుగా ఉంటుంది, సెలవుల్లో కదలనివాళ్ళది ఉండదు. ఆ పదును కొన్ని వారాల్లో తగ్గితే మీ తరగతి వల్లే దిగజారినట్టు లెక్క తేలుతుంది! జులై రెండో వారం, మళ్ళీ సంక్రాంతి ప్రయాణాలకు ముందు జనవరి మొదటి వారం పెట్టుకోండి. ఆరు నెలల్లో ఏ బిడ్డయినా వయసుతో కొంత పెరుగుతుంది కాబట్టి, చేరడానికి పేరిచ్చి ఎదురుచూస్తున్న పిల్లలుంటే వాళ్ళనీ అవే రెండు తేదీల్లో రికార్డు చేయండి. లేకపోతే పెరిగినదాంట్లో తరగతి వాటా ఎంతో తేలదు.

ఫోను చాలు. డబ్ల్యూఏవీ ఫార్మాట్, 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో. నిమిషానికి 5.3 ఎంబీ చొప్పున పది నిమిషాలకు 53 ఎంబీ. యాప్‌లో శబ్దం తగ్గించే సెట్టింగు, స్థాయిని తానే సర్దే సెట్టింగు రెండూ ఆపేయండి. రెండోది బిడ్డ ఆగినప్పుడల్లా ఫ్యాను మోతని పైకి లాగుతుంది, అప్పుడు విరామం ఎక్కడ మొదలైందో కనిపించదు. ఫోను విమానం మోడ్‌లో, మడతపెట్టిన తువ్వాలు మీద, నోటికి జానెడు దూరంలో కాస్త పక్కగా ఉంచండి. బల్ల మీద నేరుగా పెడితే పిల్లలు బల్ల తన్నిన ప్రతిసారీ దబ్బుమంటుంది. ఫ్యాను ఆపాలి. వంటింట్లో మిక్సీ, కుక్కర్ లేని వేళ చూసుకోవాలి. బట్టల బీరువా తలుపులు తెరిచి ఉంచిన పడకగది హాలు కన్నా చాలా నయం. ఫైలుని వాట్సాప్‌లో వాయిస్‌గా పంపుకుంటే కుదించేస్తుంది. స, శ తేడా అక్కడ మసకబారవచ్చు.

వినేవాళ్ళెవరన్నది మైకు కన్నా ముఖ్యం. ఎదుటివాళ్ళకి ఇంగ్లీషు వచ్చని తెలిస్తే పిల్లలు తెలుగుకోసం కష్టపడరు. రెండు భాషలవాళ్ళ మీద పరిశోధించిన ఫ్రాంస్వా గ్రోజాన్ భాషా స్థితి అన్నది ఇలాంటిదే: వినేవాళ్ళని బట్టి రెండో భాష ఎంత మేలుకొని ఉండాలో మెదడు నిర్ణయించుకుంటుంది. తెలుగు మాత్రమే వచ్చిన ఒక అమ్మమ్మగారిని కూర్చోబెట్టి, ఆవిడకు బొమ్మలు కనపడకుండా, బిడ్డ చేత కథ చెప్పించండి. ఆరేడు బొమ్మల కథలు రెండు కావాలి. సగం మందికి మొదట ఒకటి, మిగతా సగానికి మొదట రెండోది. జనవరిలో తారుమారు చేయండి. "ఇదేంటి?" అని అడిగితే ఒక్క మాట వస్తుంది. "తర్వాత ఏమైంది?" అని అడిగి ఐదు సెకన్లు నోరు మెదపకుండా ఉండటమే కష్టమైన పని. అమ్మానాన్నలు గది బయట ఉండాలి, అందివ్వకుండా ఉండలేరు.

రాతపూర్వకంగా తల్లిదండ్రుల అనుమతి తీసుకోండి. ఫైలుకి పిల్లల పేరు కాకుండా పి07 లాంటి గుర్తు పెట్టండి.

గుణింతం:

పరభాషా మాటలు తీసేయకండి, గుర్తు పెట్టండి. "బ్యాగ్‌లో పెన్సిల్స్ పుట్ చేశాను" అన్నది తెలుగు పలుకే. విభక్తి తెలుగు, క్రియ చివర తెలుగు, అరువు మాటలు ఆ చట్రంలో కూర్చున్నాయి. "ఐ పుట్ ఇట్ ఇన్ ద సంచి" దీనికి పూర్తిగా తిరగబడ్డ పలుకు. ప్రతి పలుకు పక్కనా చట్రం ఏ భాషదో ఒక గడిలో రాస్తే, తెలుగు చట్రం ఉన్నవి నూటికి ఎన్ని అన్నదే మీకు అన్నిటికన్నా పనికొచ్చే అంకె.

కన్నడంతో జాగ్రత్త. ఊరు, నీరు, కాలు రెండు భాషల్లోనూ ఒకటే, వాటికి "ఉమ్మడి" అని మూడో గుర్తు కావాలి. దొంగ చుట్టాలూ ఉన్నాయి: "కుక్క ఓడుతోంది" అంటే తెలుగులో పందెంలో ఓడిపోతోందని, కన్నడంలో ఓడు అంటే పరిగెత్తు. కన్నడం తెలియని మనిషి రాసుకుంటే అది అర్థం తప్పు కింద పడుతుంది. నిజానికి బిడ్డ కన్నడ ధాతువుకి తెలుగు ప్రత్యయం చక్కగానే తగిలించాడు.

మారతహళ్ళి_బడి:

చాలా థాంక్స్ అండీ. తేదీలు మార్చేస్తాం. కానీ 18 మందికి పది నిమిషాలంటే మూడు గంటల ఆడియో. ఇదంతా రాసేదెవరు? మాటని రాతగా మార్చే విస్పర్ లాంటి ప్రోగ్రాముకి ఇస్తే పనవుతుందా?

ధాతువు:

నిమిషం మాటకి పావుగంట రాత వేసుకోండి. మూడు గంటలకి 45 గంటలు, రెండు విడతలకి 90. ముగ్గురు పంచుకుంటే కూడా బరువే.

విస్పర్ ఈ పనికి వద్దు. పెద్దవాళ్ళ నున్నటి మాటని చదవగలిగే పాఠంగా మార్చడానికి చేసిన సాధనం అది. "పిల్లి... పిల్లి వచ్చి... అంటే" అన్నదాన్ని "పిల్లి వచ్చి" అని సాపు చేసేస్తుంది, బిడ్డ తడబాటే మాయమవుతుంది. నిశ్శబ్దం ఎక్కువసేపు ఉన్నచోట లేని మాటల్ని పుట్టిస్తుంది కూడా. ఆడియో వింటూ రాసుకోవడానికి ఈలాన్ గానీ ప్రాట్ గానీ వాడండి, రెండు ప్రోగ్రాములూ ఉచితమే. పలుకుల్ని ముక్కలు చేసి విన్నది విన్నట్టు రాయండి, "చేస్తన్నాడు" అంటే "చేస్తున్నాడు" అని దిద్దకుండా. ప్రతి అయిదో ఫైలునీ రెండో మనిషి మొదటి రాత చూడకుండా మళ్ళీ రాయాలి. ఇద్దరి రాతా ఎక్కడెక్కడ విడిపోయిందో చూస్తే నియమాల్లో ఏది అస్పష్టమో తెలిసిపోతుంది.

అరసున్నా:

అంత ఓపిక లేకపోతే కథలు ఆరుగురికే పెట్టి, 18 మందికీ వాక్యం తిరిగి చెప్పించే పరీక్ష పెట్టండి. ఒక్కొక్కరికి ఐదారు నిమిషాలు. ఒకే గొంతుతో ముందే రికార్డు చేసిన 20 వాక్యాలు, తేలిక నుంచి కష్టానికి. "తాత వచ్చాడు" దగ్గర మొదలుపెట్టి, "వాన పడితే మేము ఆడుకోం", ఆ తర్వాత "నిన్న అమ్మ కొన్న చెప్పులు తెగిపోయాయి" దాకా. వాక్యం ఒక హద్దు దాటి పొడవైతే చిలకపలుకుగా అప్పజెప్పడం కుదరదు, బిడ్డ తన వ్యాకరణంతో మళ్ళీ కట్టుకోవాల్సిందే. మరీ పొట్టివైతే జ్ఞాపకంతోనే గట్టెక్కుతారు, కాబట్టి ముందు తెలుగు బాగా వచ్చిన ఇద్దరు ముగ్గురు పిల్లల మీద వాక్యాలు చూసుకోండి.

ఉన్నదున్నట్టు చెబితే 3, ఒక తప్పు 2, రెండు మూడు తప్పులు 1, అంతకు మించితే 0. "కొన్న చెప్పులు" బదులు "అమ్మ చెప్పులు కొన్నది, తెగిపోయాయి" అని వస్తే మార్కుతో పాటు ఆ మాటనే రాసిపెట్టండి. ధాతుజ విశేషణం ఇంకా కుదరలేదని అది చెబుతోంది, వచ్చే శనివారం ఆటలో ఏం పెట్టాలో కూడా. "నువ్వు తెచ్చిన బంతి ఏది? వాడు దాచిన బంతి ఏది?" అని గది నిండా బంతులు దాచి వెతికించవచ్చు. పిల్లలు "డాగ్ రన్ చేస్తుంది" అంటే తప్పు పట్టకుండా "అవును, కుక్క పరిగెడుతోంది. ఎక్కడికి పరిగెడుతోంది?" అని అందుకోండి.

ఒక బిడ్డ ఇంగ్లీషులో, కన్నడంలో, తెలుగులో, అన్నిట్లోనూ వెనకబడి ఉంటే మాత్రం తరగతితో సరిపెట్టకండి. ముందు వినికిడి పరీక్ష, తర్వాత స్పీచ్ థెరపిస్టు. మైసూరులో ఐష్ (అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ), ఇక్కడే నిమ్హాన్స్ ఉన్నాయి.

గుణింతం:

20 వాక్యాల్లో ప్రతి నిర్మాణానికీ కనీసం మూడు వాక్యాలు పడేలా చూసుకోండి. ఒక్క వాక్యంలో తప్పితే బిడ్డకు ఆ నిర్మాణం రాలేదో, ఆ క్షణాన కిటికీలోంచి చూస్తున్నాడో చెప్పలేం.