బ్యాంకాక్‌లో నది నిజంగా కనిపించే రూఫ్‌టాప్ బార్ ఏది?

పెన్న_ఒడ్డు:

మాది నెల్లూరు. డిసెంబరు 27న చెన్నై నుంచి ఫ్లైటు, జనవరి 1 రాత్రి తిరుగు ప్రయాణం. నేను, మా ఆవిడ, మా బామ్మర్ది, వాళ్ళావిడ, మొత్తం నలుగురం. పిల్లల్ని అత్తగారింట్లో వదిలేసి పోతున్నాం.

మా ఆవిడ పెట్టిన కండిషన్ ఒక్కటే. గుళ్ళు, షాపింగు, పడవలు అన్నీ మీ ఇష్టం, ఒక్క సాయంత్రం మాత్రం పైన కూర్చుని కిందికి చూస్తే నది కనపడాలి అంది. వాళ్ళ పుట్టిల్లు రంగనాయకులపేట. చిన్నప్పుడు ఎండాకాలం సాయంత్రాలు మిద్దె మీద నీళ్ళు చల్లి చాప వేసుకుని కూర్చుంటే రంగనాథస్వామి గుడి గాలిగోపురం, దాని వెనక పెన్న కనపడేవట. ఇప్పుడు అదే మిద్దె ఎక్కితే చుట్టూ అపార్ట్‌మెంట్ల వాటర్ ట్యాంకులు.

నా టెన్షన్ ఏందంటే, రెండేళ్ళ కింద ఇంకో ఊళ్ళో ఇట్టాగే 'రివర్ వ్యూ' అని రాసుంటే చూసి ఒక చోట టేబుల్ బుక్ చేశాను. తీరా వెళ్తే రెండు బిల్డింగుల మధ్య అరచేతి వెడల్పున నది, అది కూడా నేను లేచి నిలబడితేనే. బిల్లు మాత్రం నిండుగా కనిపించింది. ఇప్పటికీ ఇంట్లో ఏదన్నా తేడా వస్తే ఆ మాట తీస్తుంది. మళ్ళీ ఆ తప్పు చేయలేను.

బ్యాంకాక్‌లో వందకు పైగా రూఫ్‌టాప్‌లు కనపడుతున్నాయి, అన్నీ రివర్ వ్యూ అనే రాసుకున్నాయి. తాగేది నేనూ బామ్మర్దీ, అదీ రెండేసి. ఆడవాళ్ళకు జ్యూసు. బామ్మర్ది భార్య, నాకు చెల్లెలి వరస, గుడ్డు కూడా ముట్టదు. నలుగురికీ కలిపి పది పన్నెండు వేల రూపాయల్లో తేలాలి. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

కందుకూరు_టు_బ్యాంకాక్:

అన్నా, మాది కందుకూరు. ఒకప్పుడు ప్రకాశం, 2022లో మీ నెల్లూరులో కలిపారు, ఆ తర్వాతి సంగతి అడగొద్దు. ఇక్కడ ఉద్యోగం చేయబట్టి తొమ్మిదేళ్ళు. ఊరి నుంచి ఎవరొచ్చినా నన్ను అడిగే మొదటి ప్రశ్న ఇదే, రెండోది ఇండియన్ హోటల్ ఎక్కడ అని.

ముందు ఒక సంగతి. అందరూ ఎంత ఎత్తయితే అంత గొప్ప అనుకుంటారు. నది కోసం వెళ్ళేవాళ్ళకు అది తిరగబడుతుంది. మీరు నరసింహకొండ ఎక్కి పెన్నను చూసే ఉంటారు కదా, కింద ఒక గీత. అదే జొన్నవాడలో కామాక్షమ్మ గుడి దగ్గర రేవులో నిలబడితే నీళ్ళలో కొట్టుకుపోయే కొమ్మ కూడా కనపడుతుంది. ఇక్కడ చావో ఫ్రాయా నదీ అంతే. సతోర్న్ రోడ్డులో బన్యన్ ట్రీ హోటల్ 61వ అంతస్తులో ఒక బార్ ఉంది, ఊరు మొత్తం కాళ్ళ కింద ఉన్నట్టుంటుంది, నది మాత్రం దూరంగా వంకర తిరిగిన నల్ల రిబ్బను. మహానఖోన్ టవర్ మీద గాజు నేల ఉండేది 300 మీటర్ల పైన, అక్కడా అంతే. తోంగ్‌లోర్, సుఖుమ్‌విత్ పేటల వైపు ఉన్నవాటి సంగతి చెప్పనే అక్కర్లేదు, నది అక్కడి నుంచి కిలోమీటర్ల దూరం. వాటిని లిస్టులోంచి కొట్టేస్తే మీ వందలో పదో పన్నెండో మిగులుతాయి.

ఎత్తూ కావాలి, నదీ కావాలి అంటే సఫాన్ తాక్సిన్ స్టేషన్ దగ్గర స్టేట్ టవర్, అందులో లెబువా హోటల్ 63వ అంతస్తు. బంగారు డోము ఉన్న బిల్డింగు, సినిమా వాళ్ళ పుణ్యమా అని ప్రపంచమంతా తెలిసిపోయింది. నది ఒడ్డుకు దగ్గర కాబట్టి వంపు మొత్తం కనపడుతుంది, అది నిజం. కానీ ఆ బార్ దగ్గర నిలబడే తాగాలి, జనం ఫోటోల కోసం మోచేతులతో తోసుకుంటుంటారు, రేట్లు చూస్తే మీ పన్నెండు వేలు గ్లాసులకే అయిపోతాయి. మా బావ వస్తే తీసుకెళ్ళాను, ఒక్కసారి చాలు అన్నాడు.

రెండో సంగతి, ఏ ఒడ్డు అనేది. నది ఊరి మధ్యలో ఉత్తరం నుంచి దక్షిణానికి పోతుంది. తూర్పు ఒడ్డున కూర్చుంటే పడమర చూస్తారు, సూర్యాస్తమయం మీది. పడమటి ఒడ్డున, అంటే తోన్‌బురి వైపు కూర్చుంటే తూర్పు చూస్తారు, చీకటి పడ్డాక ఊరి లైట్లు మీవి. సాయంత్రానికి ఏది కావాలో మా వదినను అడిగి ఆ ఒడ్డే తీసుకోండి.

నా మాట వింటే తూర్పు ఒడ్డున తా తియెన్ రేవుకు పోండి. ఎదురుగా అవతలి ఒడ్డున వాట్ అరుణ్ గుడి. పేరులో ఉన్నది మన అరుణుడే. అక్కడన్నీ పాత దుకాణాల వరస, వాటి మధ్య చిన్న చిన్న హోటళ్ళు, నాలుగైదు అంతస్తులకు మించవు. సాలా అరుణ్ హోటల్ మీద ఈగల్ నెస్ట్ ఉంది, కొంచెం అవతల సాలా రత్తనకోసిన్ పైకప్పు ఉంది. ఆ ఎత్తు నుంచి నీళ్ళ మీద తేలుతూ పోయే గుర్రపుడెక్క ఆకులు కూడా కనపడతాయి. ఒక చిన్న టగ్ బోటు వెనకాల మూడు నాలుగు పెద్ద ఇనప పడవలు తాడు కట్టుకుని, అంచుల దాకా మునిగి, నడిచే మనిషి కన్నా నెమ్మదిగా పోతుంటాయి. చివరి పడవ మీద ఒకామె బట్టలు ఆరేస్తూ ఉంటుంది. నేను చూసినంతలో ఆ వరస పూర్తిగా దాటేలోపు బీరు వేడెక్కిపోయింది.

డిసెంబరు ఆఖర్లో ఇక్కడ ఆరింటికి కాస్త ముందే పొద్దుగూకుతుంది. ఆ నెలల్లో సూర్యుడు దాదాపు ఆ గుడి వెనకాలే దిగుతాడు. ఐదుంబావుకల్లా కుర్చీలో ఉండాలి. చీకటి పడ్డాక గుడికి లైట్లు వేస్తారు, కాబట్టి వెంటనే లేవకండి, ఆ అరగంటే అసలు సంగతి.

గిత్త_ఒంగోలు:

మంచిగా చెప్పావు తమ్ముడూ, కానీ డబ్బు సంగతి ఎవరూ చెప్పరేంది. మెనూలో 400 బాట్ అని రాసి పక్కన రెండు ప్లస్సులు పెడతారు, కంటికి ఆననంత చిన్నవి. మొదటి ప్లస్ 10 శాతం సర్వీస్ చార్జీ, రెండోది 7 శాతం పన్ను, అదీ సర్వీస్ చార్జీ కలిపిన మొత్తం మీద. 400 కాస్తా 471 అవుతుంది. ఇంకొకటి, మనవాళ్ళు బాట్ అనగానే రూపాయి లెక్క వేసుకుంటారు. ఒక బాట్ రెండున్నర రూపాయల పైమాటే. నేను మొదటిసారి పోయినప్పుడు నలుగురం తలా రెండు గ్లాసులు తాగి, ఒక ప్లేటు వేపుడు తిని, బిల్లు చూసి ముఖాలు చూసుకున్నాం. ఆ డబ్బుతో ఒంగోల్లో...సర్లే.

నా సలహా వేరే. సతోర్న్ రేవులో నారింజ జెండా పడవ ఎక్కండి, టికెట్టు పదహారు బాట్ ఇచ్చాను నేను పోయినప్పుడు. తా తియెన్ దాకా నది మధ్యలోంచే పోతుంది, మొహం మీద నీళ్ళు పడతాయి, ఇంతకన్నా రివర్ వ్యూ ఏముంటుంది. దిగాక ఒడ్డున ఏదో ఒక చోట అన్నం తిని రాండి. మిగిలిన డబ్బుతో పిల్లలకు ఏమన్నా కొనండి.

కావలి_కబుర్లు:

గిత్త గారూ, ఆవిడ అడిగింది పైన కూర్చోవడం, పడవలో నిలబడి తడవడం కాదు. ఇన్నేళ్ళు కాపురం చేసి ఒక్క సాయంత్రం అడిగితే పదహారు బాట్ లెక్క చెప్తారేంటండీ.

మేము పోయిన ఫిబ్రవరిలో వెళ్ళాం. ఎవరూ చెప్పని సంగతి నేను చెప్తాను, చెప్పులు. పెద్ద హోటళ్ళ పైన బార్లలో మగవాళ్ళకు షార్టులు, రబ్బరు చెప్పులు, చేతుల్లేని బనియన్లు ఉంటే రానివ్వరు. మావారు లెదర్ చెప్పులే కదా అని బయల్దేరారు. లిఫ్టు ముందు నల్ల కోటు వేసుకున్న అమ్మాయి చేతులు జోడించి, నవ్వుతూ, కాళ్ళ వైపు చూసింది. అంతే, ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. ఈయన నేను నెల్లూరు చెప్పులు, నాలుగు వేలు పెట్టి కొన్నాను అని తెలుగులో వాదించారు. చివరికి కింద మార్కెట్టులో ఒక జత బూట్లు కొనుక్కుని, అవి కాళ్ళు కొరుకుతుంటే మళ్ళీ పైకి ఎక్కాం. అప్పటికి సూర్యుడు దిగిపోయాడు. మా ఆడవాళ్ళకు చీర, చుడీదార్ దేనికీ అడ్డు చెప్పలేదు, పైగా చీర చూసి అక్కడి అమ్మాయిలు ఫోటోలు దిగారు. తా తియెన్ వైపు చిన్న హోటళ్ళలో ఇంత పట్టింపు లేదు, అయినా పెన్న_ఒడ్డు గారూ, మీరూ మీ బామ్మర్దీ ప్యాంటు, బూట్లు వేసుకోండి.

శాకాహారం గురించి. ఊరికే వెజ్ అంటే కూరలో ఫిష్ సాస్ వేసి తెస్తారు, వాళ్ళ దృష్టిలో అది ఉప్పులాంటిది. 'జే' అని చెప్పాలి, అంటే మాంసం, చేప, గుడ్డు ఏదీ లేనిది. ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు అందులో. అయినా బార్‌లో భోజనం మీద ఆశ పెట్టుకోవద్దు, ఆలూ చిప్సూ పళ్ళ ముక్కలూ తప్ప ఏమీ దొరకలేదు మాకు. ముందే తినేసి వెళ్ళండి.

ఇంకొకటి. బుకింగ్ చేసేటప్పుడు టేబుల్ కావాలి అనకండి, నది వైపు అంచు టేబుల్ కావాలి అని రాసి, జవాబు కూడా రాతలో తీసుకోండి. మీకు అప్పుడు రెండు బిల్డింగుల మధ్య నది కనిపించిందన్నారే, అది చోటు తప్పు కాకపోవచ్చు, టేబుల్ తప్పు కావచ్చు.

పెన్న_ఒడ్డు:

అక్కా, టేబుల్ తప్పు అనే మాట మా ఆవిడకు చదివి వినిపించాను. టేబుల్ బుక్ చేసింది ఎవరు అంది. ఇక మాట్లాడలేదు నేను.

కందుకూరు తమ్ముడూ, రెండు డౌట్లు. ఒకటి, వాన సంగతేంది? మాకు డిసెంబరంటే తుపాను భయమే. రెండు, 31 రాత్రి అక్కడే కూర్చుంటే బాణసంచా కూడా కనపడుతుంది కదా, ఆ రోజే పెట్టుకుందామా అంటున్నాడు బామ్మర్ది.

కందుకూరు_టు_బ్యాంకాక్:

వాన భయం లేదన్నా. మనకు ఈశాన్య రుతుపవనాలు దంచే టైముకి ఇక్కడ పొడి కాలం మొదలవుతుంది, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. ఇక్కడి వానలు మే నుంచి అక్టోబరు వరకు. ఆ నెలల్లో వస్తే మాత్రం మబ్బు మెరిసిందంటే పైడెక్కు మూసి అందరినీ లోపలికి తోలేస్తారు. డిసెంబరు సాయంత్రం కొంచెం చలిగాలి ఉంటుంది, మా వదినను ఒక శాలువా పెట్టుకోమను.

31 మాత్రం వద్దే వద్దు. ఐకాన్‌సియామ్ మాల్ ముందు నది మీద బాణసంచా కాలుస్తారు, అది చూడటానికి ఊరు ఊరంతా ఒడ్డుకే వస్తుంది. ఆ రాత్రి రూఫ్‌టాప్‌లలో మామూలు మెనూ ఉండదు, గాలా డిన్నర్ అని తలకింత టికెట్టు పెడతారు, నీ పన్నెండు వేలు ఒక మనిషికి కూడా సరిపోకపోవచ్చు. 28 గానీ 29 గానీ తా తియెన్ పెట్టుకో. సనామ్ చాయ్ మెట్రో స్టేషన్‌లో దిగితే పది నిమిషాల నడక. పడవలో వద్దామంటే పగలు రాండి, రాత్రి తిరిగేటప్పుడు మెట్రోనే నమ్ముకోండి, చీకటి పడ్డాక జెండా పడవలు ఆగిపోతాయి.

లైట్లు కూడా చూడాలనుకుంటే ఇంకో రోజు అవతలి ఒడ్డుకు పోండి. మిలీనియం హిల్టన్ 32వ అంతస్తులో త్రీసిక్స్టీ ఉంది, సతోర్న్ రేవు నుంచి హోటల్ వాళ్ళ పడవ ఉచితం. అక్కడ ఎత్తు మధ్యస్తం, నది ఇంకా నదిలాగే కనపడుతుంది. లోపల అద్దాల గది కూడా ఉంటుంది కాబట్టి గాలి ఎక్కువైతే ఇబ్బంది లేదు. ఇంకా కిందికి పోతే అవానీ ప్లస్ హోటల్ 26వ అంతస్తులో సీన్ అని ఉంది, బాగానే ఉంటుంది కానీ ఊరికి దూరం, మీకున్న ఐదు రోజుల్లో అక్కర్లేదు.

ఆ, బామ్మర్దికి ఒక మాట చెప్పు. ఈ-సిగరెట్ లాంటిది జేబులో ఉంటే నెల్లూర్లోనే వదిలేసి రమ్మను. ఇక్కడ అది చట్టవిరుద్ధం, పట్టుకుంటే పోలీసులతో పని పడుతుంది.

గిత్త_ఒంగోలు:

కావలి అక్క తిట్టిందని కాదు గానీ, పోయిన నెల మళ్ళీ ఆఫీసు పని మీద పోయి తా తియెన్‌లో ఒక మిద్దె ఎక్కాను. ఒక్క బీరు, గంటన్నర. బాగుంది. బిల్లు మాత్రం లెక్క చూసుకునే వచ్చాను.

పెన్న_ఒడ్డు:

28కి బుక్ చేశాను, ఐదింటికి, నది వైపు అంచు టేబుల్ అని రాయించుకుని. వాళ్ళు పంపిన మెయిల్ ప్రింటు తీసి మా ఆవిడ ఫ్రిజ్ తలుపుకు అంటించింది. బూట్లు రేపు ట్రంకురోడ్డులో కొనాలి.