తప్పు కోచ్‌దా, ఆటగాళ్లదా? 2024 బేర్స్ అఫెన్స్ మీద చర్చ

థర్డ్‌డౌన్:
2024లో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు షికాగో బేర్స్ క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరే ఆటగాడు) కేలబ్ విలియమ్స్ 68 సార్లు సాక్ అయ్యాడు, అంటే బంతి వదిలేలోపే ప్రత్యర్థులు పడగొట్టారు. అఫెన్స్‌కి (బంతి చేతిలో ఉన్నప్పటి ఆటకి) ప్లేలు, అంటే ఎత్తుగడలు, పిలిచే కోచ్ అయిన అఫెన్సివ్ కోఆర్డినేటర్ షేన్ వాల్డ్రన్‌ని నవంబరులోనే తీసేశారు, అప్పటికి వరసగా 23 డ్రైవ్‌లలో (బంతి చేతికొచ్చిన విడతల్లో) టచ్‌డౌన్ లేదు, అంటే బంతి గోల్ లైన్ దాటలేదు. లోపం నేర్పేవాళ్లదా, ఆడేవాళ్లదా? స్కోరును బట్టి కాకుండా, మైదానంలోని 22 మందీ కనిపించే టేప్ చూసి చెప్పండి.

కృష్ణాతీరం:
స్నాప్ (బంతి ఆటలోకి వచ్చే క్షణం) దగ్గర వీడియో ఆపి తలలు లెక్కపెట్టండి. మీదికొచ్చేవాళ్లని ఆపడానికి లైన్‌లో ఐదుగురు (నడుమ సెంటర్, అటూ ఇటూ గార్డులు, చివర్లలో టాకిల్స్), బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ ఒకడు. ఏడుగురు మీదికొస్తే ఒకడికి అడ్డే ఉండదు. బంతి వెంటనే చెయ్యి దాటాలి, అందుకు ఐదారు గజాల్లోనే వెనక్కి తిరిగి చూసే రిసీవర్ (పాస్ అందుకునేవాడు) కావాలి. అదే హాట్ రూట్. ప్లేలో ఆ రూటే లేకపోతే కోచ్‌ది తప్పు. ఉండి కూడా క్వార్టర్‌బ్యాక్ అటు చూడకపోతే అతనిది.

నలుగురే వచ్చినా సాక్ అయితే గార్డు, టాకిల్ మధ్య సందు చూడండి. ఇద్దరు డిఫెండర్లు దారులు మార్చుకుని దూసుకొస్తే గార్డు, టాకిల్ తాము ఆపే మనుషుల్ని మార్చుకోవాలి. గార్డు తన మనిషి వెంటే పోతే నడిమధ్య దారి తెరుచుకుంటుంది. ఒకసారైతే ఆటగాడి పొరపాటు. ప్రతి వారం అదే సందులోంచి వస్తుంటే నేర్పడంలోనే లోపం.

ఆరోరా_మామ:
ఆ ఆఖరి మాట నేను ఒప్పుకోనండి. నవంబరు 10న పేట్రియట్స్ చేతిలో 9 సాక్‌లు, 19-3తో ఓటమి. ఆ రోజు రెండు వైపులా అసలు టాకిల్స్ గాయాలతో లేరు. అలాంటప్పుడు టైట్ ఎండ్‌ని (లైన్ చివర నిలబడి పాస్ కూడా అందుకునే ఆటగాణ్ని) సాయం నిలపాలి, రెండున్నర సెకన్లలో బంతి వదిలే ప్లేలే పిలవాలి. అంతవరకు కోచ్ బాధ్యత. కానీ వాల్డ్రన్ ఉన్న తొమ్మిది మ్యాచుల్లో 38 సాక్‌లు, పోయాక ఎనిమిదింట్లో 30. పిలిచే మనిషి మారినా ఏం తగ్గాయి? మూడు సెకన్లు దాటినా బంతి చేతిలోనే ఉంటే, రిసీవర్ ఎవరైనా ఖాళీగా ఉన్నాడేమో చూడండి. ఉంటే ఆ సాక్ క్వార్టర్‌బ్యాక్ ఖాతాలోదే.

సోల్జర్‌ఫీల్డ్:
కోచ్ తప్పూ ఆటగాడి తప్పూ కలిసిపోయిన సందర్భం థాంక్స్‌గివింగ్ పండగ నాడు డెట్రాయిట్‌లో జరిగింది. 23-20తో వెనకబడి ఉన్నారు, చేతిలో ఒక టైమౌట్ (గడియారం ఆపే అవకాశం) ఉంది. సాక్ తర్వాత గడియారం ముప్పై పైచిలుకు సెకన్ల నుంచి కరిగిపోతోంది. స్నాప్ అయ్యేసరికి మిగిలింది 6 సెకన్లు, విలియమ్స్ పొడుగు పాస్ వేశాడు, అందలేదు. కుర్రాడు అందరినీ త్వరగా నిలబెట్టలేకపోయాడు, నిజమే. కానీ మొదటి ఏడాది ఆటగాడు తడబడుతుంటే టైమౌట్ అడగాల్సింది గట్టు మీదున్న హెడ్ కోచ్ కాదా? మర్నాడే ఆ హెడ్ కోచ్ ఎబర్‌ఫ్లూస్‌ని పంపేశారు.

ఇంకొకటి, వాషింగ్టన్ మ్యాచ్ నాలుగో క్వార్టర్లో గోల్ లైన్‌కి ఒక గజం దూరంలో ఉండగా బంతిని లైన్‌మన్ డగ్ క్రేమర్ చేతికివ్వమన్నారు. జారవిడిచింది అతనే, కానీ అలవాటు లేని చేతికి ఇవ్వమన్నది ఎవరు?

థర్డ్‌డౌన్:
2025లో హెడ్ కోచ్‌గా బెన్ జాన్సన్ వచ్చాక విలియమ్స్ సాక్‌లు 24కి దిగాయి. కోచే కారణమని తేలినట్టేనా?

కృష్ణాతీరం:
అప్పుడే కాదండి. అదే వేసవికి ముందు గార్డులు జో థూనీ, జోనా జాక్సన్, సెంటర్ డ్రూ డాల్మన్ వచ్చారు. లైన్ నడుమ మొత్తం కొత్తదే. రెండు సీజన్ల టేపుల్లో నలుగురే మీదికొచ్చిన ప్లేలు మాత్రం ఏరి, బంతి ఎన్ని సెకన్లకు వదిలాడో రాసుకోండి. త్వరగా వదులుతున్నాడంటే ప్లేలూ అతని చూపూ మారినట్టు. అంతే సేపు పట్టుకున్నా ఎవరూ తాకలేకపోతే ఆ మార్పు లైన్‌ది.