యుద్ధకాలపు పిల్లవాడు: గూఢచారా, వేగులవాడా, సీఐడీయా?

ప్రశ్న (ఎంవీపీ కాలనీ నుంచి)

అందరికీ నమస్కారం. పన్నెండు పదమూడేళ్ల పిల్లల కోసం ఒక నవలిక రాస్తున్నాను. కాలం 1942, చోటు మన విశాఖపట్నమే. ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వచ్చి హార్బరు మీద బాంబులు వేశాయి కదా, కథ దానికి కొన్నాళ్ల ముందు మొదలవుతుంది. రాస్ హిల్ ఎక్కి హార్బరులోకి వచ్చే ఓడల్ని లెక్కపెట్టే అలవాటున్న పిల్లవాడొకడు, చీకటి పడే వేళ దీపంతో సముద్రం వైపు సైగలు చేస్తున్న మనిషిని చూస్తాడు. అక్కణ్నుంచి ఆ మనిషిని కనిపెట్టుకుని ఉండటమే వాడి పని.

కథ నడుస్తోంది గానీ ఒక మాట దగ్గర కలం ఆగింది. ‘గూఢచారి’ అని రాస్తే వాడికి కోటూ నల్ల కళ్లద్దాలూ తొడిగినట్టుంది. ‘బాల గూఢచారి’ అంటే వేసవి సెలవుల సినిమా పేరులా ఉంది. ‘వేగు’ అంటే ఇప్పటి పిల్లలకి తెలుస్తుందా? వాడు తనని తాను ఏమనుకుంటాడు, వాళ్లమ్మ ఏమంటుంది, వీధిలోవాళ్లు ఏమంటారు? ఈ మూడూ మూడు వేర్వేరు మాటలు కావాలని నాకనిపిస్తోంది.

జవాబు (సీతమ్మధార, రిటైరయిన తెలుగు మాస్టారు)

అమ్మా, ముందు సంస్కృతం వైపు నుంచి వస్తాను, ఓపిక పట్టండి. పాత సంస్కృత నిఘంటువు అమరకోశంలో ఈ పనివాళ్లకి వరసగా పేర్లున్నాయి: యథార్హవర్ణుడు, ప్రణిధి, అపసర్పుడు, చరుడు, స్పశుడు, చారుడు, గూఢపురుషుడు. గమనించండి, ఆ వరసలో ‘గూఢచారి’ లేదు, ‘గూఢపురుషుడు’ ఉన్నాడు. ఒక్కో పేరూ ఒక్కో పనితనం చెబుతుంది. యథార్హవర్ణుడంటే ఎక్కడికి ఏ వేషం తగునో ఆ వేషం వేసేవాడు. అపసర్పుడంటే కంటపడకుండా పాకి జారుకునేవాడు. స్పశుడిది చూపుకి సంబంధించిన ధాతువు. ఋగ్వేదంలో వరుణుడి చుట్టూ స్పశులు కూర్చుని లోకాన్ని కనిపెడుతుంటారు. ఇంగ్లీషు ‘స్పై’ కూడా మూలంలో ఈ ధాతువుకి చుట్టమే.

ఈ స్పశుడి మీద సంస్కృత కవి మాఘుడు ఒక చమత్కారం చేశాడు. శిశుపాలవధం రెండో సర్గలో ఉద్ధవుడు అంటాడు: ‘శబ్దవిద్యేవ నో భాతి రాజనీతిరపస్పశా’. పతంజలి రాసిన వ్యాకరణ గ్రంథం మహాభాష్యంలో మొదటి ఆహ్నికం, అంటే మొదటి పాఠం, పేరు ‘పస్పశ’. అది లేకపోతే వ్యాకరణం రాణించదు. ‘అపస్పశా’ని ఇంకో రకంగా విరిస్తే స్పశులు లేని రాజనీతి. అదీ రాణించదు. ఒక్క విరుపుతో వ్యాకరణ పండితుణ్నీ వేగులవాణ్నీ పక్కపక్కన కూర్చోబెట్టాడు. మీ నవలికకి ఇది పనికిరాదు, కానీ చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇక మీకు పనికొచ్చేది ‘వేగు’. రహస్యంగా తెలుసుకొచ్చే సమాచారం వేగు, తెచ్చేవాడు వేగులవాడు. తెల్లవారడం అనే అర్థంలో ఇంకో వేగు ఉంది. వేకువ, వేగుచుక్క అందులోంచి వచ్చినవే. బాణలిలో వేగేది మూడోది. ‘వీడితో వేగలేక చస్తున్నాను’ అని తల్లులు అనేది ఈ మూడోదే. మీ కుర్రాడి తల్లి ఆ మాట అంటే చదివే పిల్లలు నవ్వుకుంటారు.

జవాబు (పాతనగరం నుంచి)

మాస్టారూ, ‘వేగు’ పిల్లలకి తెలియదని ఎందుకనుకోవాలి? మా సండే స్కూల్లో మేం నేర్చుకున్న మాటే అది. తెలుగు బైబిల్లో యోసేపు తన అన్నల్ని గుర్తుపట్టి కూడా పట్టనట్టు నటిస్తూ ‘మీరు వేగులవారు’ అని నేరం మోపుతాడు. యెరికో పట్టణానికి యెహోషువ పంపిన ఇద్దరూ వేగులవారే. రాహాబు వాళ్లని మిద్దె మీద జనపకట్టెల్లో దాచిపెడుతుంది. క్రిస్మస్ నాటకాలు లేని నెలల్లో మేం ఆడుకున్న నాటకం అదే, ఎవరు రాహాబు అవ్వాలో అని గొడవలు. రాస్ హిల్ మీద చర్చి ఉంది, పక్క కొండల మీద దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి ఉన్నాయి. మీ పిల్లవాడి స్నేహితుల్లో చర్చికి వెళ్లే అమ్మాయి ఒకర్తి ఉంటే చాలు, ‘వేగులవాడు’ అనే మాట ఆ అమ్మాయి నోట్లోంచి సహజంగా వస్తుంది. ఫుట్‌నోట్ అక్కర్లేదు.

జవాబు (గాజువాక నుంచి)

ఇంత దూరం ఎందుకండీ? మా వీధిలో ఇప్పటికీ అనేది ‘సీఐడీ’. ఎవడైనా ఎక్కువ ప్రశ్నలేస్తే ‘నువ్వేటి సీఐడీవా?’ అంటారు. ‘ఆ గుంటడు సీఐడీనాగ తిరుగుతున్నాడు’ అని మా మామ్మ అనేది. సీఐడీ బ్రిటిష్ కాలం నుంచీ ఉన్నదే కాబట్టి 1942కీ సరిపోతుంది.

జవాబు (ఎంవీపీ కాలనీ)

సీఐడీ బాగుంది తమ్ముడూ, వీధి మాట దొరికింది. అయితే ఇక్కడే చిక్కు. ఆ ఏడాది ఆగస్టులో క్విట్ ఇండియా మొదలైంది. 9వ తేదీ తెల్లవారేసరికి కాంగ్రెస్ నాయకుల్ని అరెస్టు చేశారు. అప్పుడు ఊళ్లో ‘సీఐడీ’ అంటే కాంగ్రెసువాళ్ల వెనక తిరిగే మనిషి. ఏప్రిల్‌లో ఓడరేవుని కాపాడ్డానికి కళ్లలో ఒత్తులేసుకుని చూసిన పిల్లవాణ్ని ముద్దుగా సీఐడీ అన్నవాళ్లే, ఆగస్టులో అదే మాట తిట్టుగా అనొచ్చు. కథ ఆగస్టు దాకా వెళ్తుంది. వాళ్ల పెదనాన్న ఇంట్లో కరపత్రాలు దాస్తాడు.

జవాబు (మాస్టారు)

అయితే మీ కథ అక్కడే ఉందమ్మా. చేసే పని ఒకటే: చూడటం, వినటం, వెళ్లి చెప్పటం. మన భాషలో దానికి పేరు మాత్రం ఎవరికి చెప్పాడన్నదాన్ని బట్టి మారుతుంది. మనవాళ్లకి చెబితే వేగు. అవతలివాళ్లకి చెబితే ‘ఉప్పందించాడు’. బళ్లో పంతులుకి చెబితే చాడీ. పెద్దవాళ్లు పంపితే కబురు మోశాడు, తనంతట తాను చెబితే కూపీ లాగాడు. ఎవరి పక్షమో తేలేదాకా పాఠకుడికి ఏ మాట వాడాలో తెలియకూడదు. నన్నడిగితే రచయిత తన గొంతుతో ఈ మాటల్లో ఏదీ వాడకుండా, అన్నీ పాత్రల నోటే పలికిస్తే మేలు.

జవాబు (ఉక్కునగరం నుంచి, ఇద్దరు పిల్లల తల్లి)

నాకు ఇబ్బందిగా ఉన్నది చాడీ సంగతి. చాడీలు చెప్పొద్దని ఇంట్లో రోజూ పోరుతూ, పక్కవాళ్ల మీద కన్నేసి పెద్దవాళ్లకి చెప్పే పిల్లవాణ్ని వీరుణ్ని చేసిన కథ చేతికివ్వాలా? ఇంకోటి, పిల్లల నోరు ఆగదు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ గూఢచారి శాఖ ఎంఐ5 ఆఫీసులో కాగితాలు మోయడానికి ముందు బాయ్ స్కౌట్లని పెట్టుకున్నారు. అబ్బాయిలు అల్లరి చేస్తున్నారు, కుదురుగా ఉండటం లేదని వాళ్లని మాన్పించి గర్ల్ గైడ్స్‌ని పెట్టుకున్నారు. కాబట్టి అక్కా, మీ ‘పిల్లవాడు’ పిల్ల ఎందుకు కాకూడదు?

జవాబు (నౌకాదళంలో పనిచేసిన ఒకరు, మల్కాపురం)

1942 వద్దనను గానీ, ఈ ఊరికి 1971 పాకిస్తాన్ యుద్ధం కూడా ఉంది. వాళ్ల జలాంతర్గామి పీఎన్ఎస్ ఘాజీ మన విమానవాహక నౌక విక్రాంత్ కోసమే వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్లిపోయింది. అది విశాఖ దగ్గరే ఉందని అవతలివాళ్లని నమ్మించడానికి ఇక్కడి తూర్పు నౌకాదళం అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఊళ్లోని కాంట్రాక్టర్లకి కూరగాయలూ మాంసమూ పెద్ద ఎత్తున ఆర్డర్లిప్పించారు. బజారులో చెవులుంటాయని ఆయనకి తెలుసు. విక్రాంత్‌లోని నావికుడు ఒకడు జబ్బుతో ఉన్న తల్లి ఎలా ఉందో అడుగుతున్నట్టు, రహస్య లిపి లేకుండా ఒక వైర్‌లెస్ సందేశం కూడా పంపించారు. డిసెంబరు 3 అర్ధరాత్రి ప్రాంతంలో ఘాజీ మన తీరంలోనే మునిగింది. పూర్ణా మార్కెట్లో గంపలు మోసే కుర్రాడు ‘ఇంత కూర ఎవరికిరా?’ అని అనుకుంటే, వాడు కనిపెట్టినది నిజమే. కానీ అది కనిపెట్టాలనే కదా అక్కడ పెట్టారు! అలా కావాలని వదిలిన కబురుకి తెలుగులో ఏమంటారు మాస్టారూ?

జవాబు (మాస్టారు)

పుకారు అంటే చాలదు. పుకారుకి కర్త ఉండడు, దీనికి ఉన్నాడు. ‘ఎర’ సరిపోతుందనుకుంటాను. జాలరులున్న ఊరికి ఆ మాట చెప్పక్కర్లేదు. రామాయణంలో దీనికి ఎదురు కథ ఒకటుంది. రావణుడు శుకసారణుల్ని వానరవేషంలో రాముడి సేనలోకి పంపితే విభీషణుడు పట్టుకుంటాడు. రాముడు వాళ్లని చంపించకుండా సేన అంతా చూసి పొమ్మంటాడు. వాళ్లు తెచ్చిన వేగు అబద్ధం కాదు, కానీ అది చేరవలసింది రాముడికి కావలసినట్టే చేరింది.

అసలు కురచగా ఉండటమే ఈ పనిలో బలం. హనుమంతుడు లంకలో అడుగుపెట్టేముందు ఒళ్లు కుదించుకుని ‘పృషదంశకమాత్రః’ అయ్యాడు, అంటే పిల్లి అంత. పిల్లలకి ఆ సౌకర్యం పుట్టుకతోనే ఉంది. పెద్దవాళ్లు వాళ్లని లెక్కలోకి తీసుకోరు.

ఇక ఉక్కునగరం అమ్మగారి ఇబ్బంది గురించి. అది తేలిక విషయం కాదు. అర్థశాస్త్రంలో కౌటిల్యుడు వేగులవాళ్లని పట్టికగా చెబుతూ మొట్టమొదట విద్యార్థినే పెట్టాడు: ‘పరమర్మజ్ఞః ప్రగల్భః ఛాత్రః కాపటికః’. పరుల మర్మం పట్టగల, జంకులేని విద్యార్థి అని. వాడికి పేరే కపటంలోంచి వచ్చింది. తర్వాత ‘సత్రి’ వస్తాడు. బంధువులెవరూ లేని, రాజు పోషించక తప్పని వాళ్లని చేరదీసి, సాముద్రికం, శకునాలు, గారడీలు లాంటివి నేర్పించి, వేగుకి వాడుకోమంటాడు. అంటే దిక్కులేని పిల్లలకి పెట్టే అన్నానికి రుసుము ఇది! అర్థశాస్త్రం 1909లో శ్యామశాస్త్రి అచ్చువేయించినప్పటి నుంచీ ఈ భాగం రాజనీతి చాతుర్యంగా మెచ్చుకుంటూనే ఉన్నారు. నాకు మాత్రం చదివినప్పుడల్లా ఒళ్లు జలదరిస్తుంది.

‘సత్రి’కి మూలమైన ‘సత్రం’ అనే మాటకి అమరుడు చెప్పిన అర్థాలు ఇవి: కప్పు, యజ్ఞం, ఎడతెగని దానం, అడవి. మన టర్నర్ సత్రంలో సత్రం దానం వైపుది. వేగులవాడిలో సత్రం కప్పు వైపుది, ముసుగు అన్నమాట. ఒకే మాట అన్నం పెట్టే చోటుకీ, ముసుగుకీ. మీ 1942 కథలో ఊరంతా ఖాళీ అయిపోతున్నప్పుడు, ఆంధ్ర విశ్వకళాపరిషత్తుని కూడా గుంటూరుకి తరలించినప్పుడు, వెళ్లడానికి ఊరులేని పిల్లలు కొందరు మిగిలి ఉండరా? వాళ్లకి అన్నం పెట్టి పని చెప్పే మనిషి మంచివాడో కాదో పిల్లలు ఎలా తెలుసుకుంటారు?

జవాబు (గాజువాక)

మాస్టారు కథంతా ఆయనే రాసేసేలా ఉన్నారు.

జవాబు (ఎంవీపీ కాలనీ)

రాయనివ్వండి, నాకు లాభమే.

ఉక్కునగరం చెల్లీ, నీ మాటకి లొంగిపోయాను. వాణ్ని దాన్ని చేసేశాను. ఇప్పుడు ఇంకో తంటా: ‘వేగులవాడు’కి స్త్రీలింగం? ‘గూఢచారిణి’ అంటే మళ్లీ సినిమా పోస్టరే.

జవాబు (మాస్టారు)

పనికత్తె, వేటకత్తె ఉన్నాయి కాబట్టి ‘వేగులకత్తె’ వ్యాకరణానికి ఒప్పుతుంది. కానీ పదమూడేళ్ల పిల్లకి ‘కత్తె’ తగిలిస్తే జానపద సినిమాలో మాంత్రికుడి చెల్లెల్లా ఉంటుంది. వద్దు. ‘వేగులపిల్ల’ అనండి. పిల్లకీ పిల్లవాడికీ ఇద్దరికీ చెల్లుతుంది, నోటికీ బరువు కాదు.

జవాబు (పాతనగరం)

‘వేగులపిల్ల’ బాగుంది. మా రాహాబు నాటకంలో ఈ మాట దొరికుంటే నాకూ ఒక వేషం ఉండేది.

జవాబు (ఎంవీపీ కాలనీ)

ఇలా పెట్టుకున్నాను, చూడండి. చర్చికి వెళ్లే స్నేహితురాలు పిలిచేది ‘వేగులపిల్ల’. వీధి పిలిచేది ‘సీఐడీ గుంట’, ఏప్రిల్‌లో నవ్వుతూ, ఆగస్టులో తలుపులు మూసుకుంటూ. అమ్మ అనేది ‘దీంతో వేగలేకపోతున్నాను’. పెదనాన్న కరపత్రాలు చేతికిస్తూ ‘కబురు జాగ్రత్త’ అంటాడు తప్ప ఆమెకి ఏ పేరూ పెట్టడు. బళ్లో ఎవడో ‘చాడీకోరు’ అంటాడు, దానికి మాత్రం ఆ పిల్ల ఏడుస్తుంది. తనని తాను ఏమనుకుంటుందో చివరిదాకా రాయను. పుస్తకంలో నేను ఎక్కడా గూఢచారి అనను, వెనక అట్ట మీద పబ్లిషరు వేస్తే వేసుకోనీ.

దీపాలకి నల్ల కాగితాలు చుట్టి, కిటికీలకి గుడ్డలు కట్టి చీకట్లో కూర్చున్న ఆ రాత్రుల్ని మన ఊళ్లో ఏమనేవారు? పుస్తకాల్లో ‘బ్లాకౌట్’ అనే దొరుకుతోంది. మామ్మ అయినా, తాతయ్య అయినా వాడిన ఇంటి మాట ఎవరికైనా గుర్తుంటే ఇక్కడ రాయండి. రెండో అధ్యాయం దాని కోసమే ఆపాను.