మహేంద్రగిరి, దేవమాలి ప్రయాణం: వీపుసంచిలో ఏ మందులు, ఏ సామాను ఉండాలి?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)

దసరా వెళ్ళాక మేము నలుగురం వీపుసంచులతో మహేంద్రగిరి ఎక్కి, అక్కడి నుంచి రాయగడ మీదుగా కోరాపుట్టు జిల్లాకు పోయి దేవమాలి శిఖరం కూడా చూసి రావాలనుకుంటున్నాము. రాత్రి బస కొన్నిచోట్ల డేరాల్లో, కొన్నిచోట్ల ఊళ్ళలో తెలిసినవారి ఇళ్ళలో. ప్రథమ చికిత్స సామగ్రి గురించి ఒక్కొక్కరు ఒక్కో పట్టిక ఇస్తున్నారు. అవన్నీ సర్దితే బట్టలకు చోటుండదు. మాలో ఒకరికి ఉబ్బసం ఉంది. తప్పనిసరిగా ఉండవలసినవి ఏవో తెలిసినవారు చెప్పగలరు. పాముకాటుకు మందు వెంట ఉంచుకోవచ్చా అని ఇంట్లో పెద్దలు అడుగుతున్నారు.

జవాబు (రాయగడ, మందుల దుకాణం నుంచి)

పెద్దల ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను. పాము విషానికి విరుగుడు ఇంజెక్షన్‌ను సంచిలో పెట్టుకొని తిరగకూడదు. అది కొందరికి తీవ్రమైన అలర్జీ కలిగిస్తుంది కనుక ఆసుపత్రిలో, వైద్యుని పర్యవేక్షణలోనే ఇవ్వాలి. కాటు పడితే ఉంగరాలు, గడియారం తీసివేసి, ఆ కాలు లేక చెయ్యి కదలకుండా కర్రను ఆధారంగా పెట్టి కండువాతో వదులుగా కట్టి, 108కి ఫోన్ చేసి, మనిషిని నడిపించకుండా మోసుకుపోవాలి. బిగించి తాడు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం వద్దు.

ఇక సంచిలోకి: గాజుగుడ్డ, మైక్రోపోర్ టేపు, ఒక క్రేప్ బ్యాండేజీ, గాయాలకు రాసే పోవిడోన్ అయోడిన్ చిన్న ట్యూబు, చిన్న కత్తెర, ముళ్ళు తీయడానికి పట్టకారు, పారాసెటమాల్, ఓఆర్ఎస్ పొట్లాలు. మాత్రలను స్ట్రిప్పులోనే ఉంచండి. విడిగా డబ్బాలో పోస్తే పేరు, గడువు తేదీ రెండూ పోతాయి. లీటరు నీటికి కలపవలసిన ఓఆర్ఎస్ పొట్లంలో సగాన్ని గ్లాసెడు నీళ్ళలో కలిపి తాగేవారు ఎందరో ఉన్నారు, అలా చేస్తే ఉప్పు ఎక్కువై మేలుకు బదులు కీడు జరుగుతుంది. జ్వరం వస్తే డెంగీ కాదని తేలేదాకా పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ జోలికి పోవద్దు, వాటివల్ల రక్తస్రావం పెరగవచ్చు. ఉబ్బసం ఉన్నవారి ఇన్‌హేలరు వారి జేబులోనే ఉండాలి, రెండోది మరొకరి సంచిలో ఉండాలి.

జవాబు (జయపురం నుంచి)

మందుల సంగతి పైవారు చక్కగా చెప్పారు. నా అనుభవంలో కొండదారిలో మనిషిని ఆపేది పాము కాదు, మడమ మీద బొబ్బ. చర్మం ఎర్రబడుతున్నట్టు తోచగానే, బొబ్బ లేవకముందే, బూటు విప్పి చెమట తుడిచి టేపు నున్నగా అంటించాలి. ముడత పడితే అదే ఒరుసుకుంటుంది. టేపు చుట్టను మోయనక్కరలేదు, నీళ్ళ సీసాకు రెండు మూడు మూరలు చుట్టుకుంటే చాలు. పొడి మేజోళ్ళు ఒక జత ప్లాస్టిక్ సంచిలో వేరుగా ఉంచండి. జలగ పట్టితే కాల్చవద్దు. గోటితో దాని నోటి దగ్గర నెట్టి ఊడదీసి, రక్తం ఆగేదాకా గాజుగుడ్డ ఒత్తి పట్టాలి.

దోమతెర మాత్రం బరువనుకొని వదలకండి. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవారి పక్కలోకి వస్తుంది, కాటు నొప్పి కూడా అంతగా తెలియదు. తెర అంచులను పరుపు కిందికి దోపితే దోమకూ పాముకూ అదే అడ్డు. నుదుటికి కట్టుకొనే టార్చి, ఈల, పిన్నీసులు, సూదీదారం, పవర్ బ్యాంకు, తుండుగుడ్డ ఉంటే చాలు. కొండల్లో సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది కనుక అవసరమైన నంబర్లను కాగితం మీద రాసుకోండి.

జవాబు (బరంపురం, నర్సు)

ఎవరో ఒకరు యాంటిబయాటిక్ కోర్సు కూడా పెట్టుకోమంటారు. వైద్యుడు రాసిస్తే తప్ప వద్దు. మీరు వెళ్ళేది మలేరియా ఉన్న ప్రాంతం. తిరిగివచ్చిన వారం పది రోజులకు కూడా జ్వరం బయటపడవచ్చు, అప్పుడు అడవిలో బస చేసిన సంగతి వైద్యునికి తప్పక చెప్పండి. దారిలోనే వస్తే ఊరి ఆశా కార్యకర్త దగ్గర రక్తపరీక్ష చేయించుకోవచ్చు. జ్వరంతోపాటు ఒంటి మీద ఎక్కడైనా నల్లటి పొక్కు కనబడితే అది స్క్రబ్ టైఫస్ (పొదల్లోని చిన్న పురుగుల కాటుతో వచ్చే జ్వరం) కావచ్చు; ఆ పొక్కు చంకల్లో, గజ్జల్లో దాగి ఉంటుంది, వెతికి చూడాలి.

ప్రశ్న వేసినవారు

అందరికీ కృతజ్ఞతలు. వాగునీటికి క్లోరిన్ మాత్రలు సరిపోతాయా?

జవాబు (జయపురం నుంచి)

సరిపోతాయండి. నీరు బురదగా ఉంటే ముందు తుండుగుడ్డతో వడకట్టి, పొట్లం మీద చెప్పిన కొలతలో మాత్ర వేసి, కనీసం 30 నిమిషాలు ఆగి తాగండి. ఊళ్ళో బస దొరికిన రాత్రి మాత్రం నీళ్ళు మరగబెట్టి సీసాల్లో నింపుకోవడమే మంచిది.