‘ఆలివ్ నూనె’ అనడం తప్పా?

ప్రశ్న: నూనె అంటేనే నువ్వుల నుంచి తీసినది అంటారు కదా. మరి ‘నువ్వుల నూనె’ పునరుక్తి, ‘ఆలివ్ నూనె’ తప్పు అవుతాయా?

జవాబు: తప్పు కాదండీ. మీరు చెప్పిన వ్యుత్పత్తి మాత్రం నిజమే. నువ్వు, నెయ్యి కలిసి నూనె అయింది. తమిళంలోనూ ఎళ్ (నువ్వు) + నెయ్ = ఎణ్ణెయ్. సంస్కృతంలో తిల నుంచి తైలం. మా అమ్మమ్మ ‘మంచినూనె’ తెమ్మందంటే అది నువ్వుల నూనే. తర్వాత కొబ్బరి, వేప, వేరుశనగ నూనెలన్నీ ఆ పేరు కిందికే వచ్చాయి. ఆముదానికి మాత్రం సొంత పేరే మిగిలింది, చూశారా!

ఇంగ్లీషు ‘ఆయిల్’దీ ఇదే దారి. గ్రీకులో ఎలైయా అంటే ఆలివ్ చెట్టు, ఎలైయోన్ దాని నూనె. అది లాటిన్‌లో ఒలేయుమ్ అయి, చివరికి ఆయిల్ అయింది. అంటే ‘ఆలివ్ ఆయిల్’లోనూ మన ‘నువ్వుల నూనె’లో ఉన్న పునరుక్తే ఉంది.

ఈ మాట ఎంత పాతదో మట్టి పలకలే చెబుతాయి. క్రీట్‌లోని నోసోస్‌లో, గ్రీసులోని పైలోస్‌లో దొరికిన, లీనియర్ బి అనే పురాతన లిపిలో రాసిన పలకల్లో నూనె లెక్కలున్నాయి. అక్కడ ఈ మాట ‘ఎ-రా-వో’ అని కనిపిస్తుంది. ఆ లిపిలో ర, ల లకు ఒకటే గుర్తు. 1952లో మైకేల్ వెంట్రిస్ దాన్ని చదవగలిగాకే అది గ్రీకు అని తేలింది. క్రీ.పూ. 1200 ప్రాంతంలో పైలోస్ రాజభవనం తగలబడింది. ఆ మంటల్లో కాలి గట్టిపడబట్టే పచ్చిమట్టి పలకలు మనదాకా వచ్చాయి. ఇది తలుచుకున్నప్పుడల్లా ఒళ్లు జలదరిస్తుంది నాకు.

నూనె తీయడం ఆ రాతకంటే చాలా పాతది. ఇజ్రాయెల్‌లో హైఫా దగ్గర, ఇప్పుడు సముద్రంలో మునిగి ఉన్న కఫర్ సమీర్‌లో, సుమారు 7,000 ఏళ్ల నాటి గుంటల్లో నలిగిన ఆలివ్ గింజలు, పిప్పి వేలకొద్దీ దొరికాయి. మన తెలకపిండిలాగా, నూనె తీశాక మిగిలినదన్నమాట.

ప్రశ్న: బైబిల్లో యేసు ప్రార్థించిన తోట పేరు గెత్సేమనే అంటే నూనె గానుగ అని విన్నాను. గానుగ అనొచ్చా?

జవాబు: అర్థం అదే. పని తీరు మాత్రం వేరు. మన గానుగలో రోకలి తిరుగుతూ నూరుతుంది, నూనె అక్కడే దిగుతుంది. ఆలివ్‌లో నూనె ఎక్కువగా పండు కండలో ఉంటుంది. ముందు తొట్టిలో నలిపి, ముద్దను బుట్టల్లో పేర్చి, పొడవాటి దూలంతో నొక్కుతారు. దూలం ఒక కొస గోడలో ఉంటుంది, రెండో కొసకు చిల్లులున్న రాళ్లు వేలాడతాయి. కారిన రసంలో నూనె పైకి తేలితే దాన్ని తీసుకుంటారు. ఫిలిష్తీయులనే ప్రాచీన జాతివారి ఎక్రోను నగరంలో (నేటి ఇజ్రాయెల్‌లోని తెల్ మిక్నే) క్రీ.పూ. 7వ శతాబ్దపు ఇలాంటి నూనె యంత్రాలు వందకు పైగా బయటపడ్డాయి. ఒక్కో గదిలో మధ్యన నలిపే తొట్టి, అటూ ఇటూ నొక్కే తొట్లు. ఆ గదుల్లోనే మగ్గం బరువులూ దొరికాయి. ఆలివ్ కాపు లేని నెలల్లో అక్కడే బట్టలు నేసేవారని తవ్వినవాళ్ల అభిప్రాయం.

తేడా తెలిసినా నేను ‘ఒలీవ గానుగ’ అనే రాస్తాను. తెలుగు బైబిలు చదివేవారికి ‘ఒలీవల కొండ’ ఎప్పటినుంచో తెలుసు, ‘గానుగ’ అందరికీ తెలుసు.