అన్నిటికీ ‘అవశేషాలే’నా?

రెసిడ్యూ, రిమైన్స్, రెమ్నెంట్, లెఫ్టోవర్స్: ఈ ఇంగ్లీషు మాటలన్నిటికీ తెలుగులో ‘అవశేషం’ సరిపోతుంది కదా అని ఒకరు అడిగారు. సరిపోదండి. ఈ మధ్య గుంటూరులో మిర్చి రైతుల కోసం ఒక కరపత్రం తెలుగు చేస్తూ ‘ఎండుమిర్చిలో పురుగుమందుల అవశేషాలు’ అని రాశాను. చదివిన పెద్దాయన ‘అవశేషాలంటే అమరావతి స్తూపం దగ్గరుండేవి కదయ్యా, కాయలో ఎందుకుంటాయి?’ అన్నాడు. ఆయన అడిగింది న్యాయమే. అది కొట్టేసి ‘కాయలో మిగిలిపోయిన మందు’ అని రాశాను.

రెసిడ్యూకి మూలమైన లాటిన్ మాటకు అర్థం ‘వెనక్కి కూర్చోవడం’. అసలుది పోయాక అడుగున పేరుకునేది, అంటుకుని ఉండిపోయేది. మన నూనె మడ్డి అలాంటిదే. రిమైన్స్ వేరు. ఒకప్పుడు నిండుగా ఉండి, పాడైపోగా మిగిలింది: స్తూపమైతే శిథిలాలు, మనిషైతే అస్థికలు. ఆ అస్థికలనే పూజిస్తే రెలిక్. 1892లో భట్టిప్రోలు స్తూపంలో పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రే తవ్వి తీసిన రాతి పేటికల్లోవి ఇవే. బౌద్ధులు వాటిని ధాతువులంటారు. ఇంత మంచి మాట ఉండగా పేపర్లు అక్కడా ‘అవశేషాలు’ అనే రాస్తే నాకు బాధగా ఉంటుంది.

రెమ్నెంట్ కోసం పెద్దగా వెతకక్కర్లేదు. విజయవాడ బట్టల మార్కెట్ వస్త్రలతలో తాను చివర మిగిలే ముక్క. మనవాళ్లు కట్ పీస్ అంటారు, అదే ఉంచుదాం.

అసలు చిక్కు లెఫ్టోవర్స్‌తోనే. ఇంగ్లీషువాళ్లు చూసేది మళ్లీ తింటామా లేదా అని. దాచుకుంటే లెఫ్టోవర్స్, గీకి పారేస్తే స్క్రాప్స్. మనం చూసేది చెయ్యి తగిలిందా, రాత్రి గడిచిందా అని. గిన్నెలో ఉన్నంతసేపూ అది మిగిలిన అన్నమే, తెల్లారితే చద్దన్నం. విస్తట్లో మిగిలిందా, ఆ క్షణం నుంచే ఎంగిలి. కాబట్టి లెఫ్టోవర్స్‌ని ఎంగిలి అని తెలుగు చేస్తే, పెట్టినవాళ్లని అవమానించినట్టే. ‘మిగిలిన కూరలు’ అంటే చాలు.

ఎంగిలికి సరిపడే మాట ఇంగ్లీషులో నాకు కనబడలేదు. చిన్నప్పుడు జామకాయ మీద చొక్కా కొస కప్పి, కొరికి, సగం స్నేహితుడికిచ్చేవాళ్లం. గుడ్డ అడ్డం ఉంది కాబట్టి అది ఎంగిలి కాదు, కాకెంగిలి. దాన్ని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో ఎవరికైనా తోస్తే ఇక్కడ రాయండి.