అప్‌డేట్: టెక్సస్ గన్ లైసెన్స్ న్యూజెర్సీలో చెల్లుతుందా?

డాలస్ నుంచి న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉన్న అక్కావాళ్లింటికి కారులో వెళ్తూ పిస్టల్ తీసుకెళ్లొచ్చా, మన టెక్సస్ లైసెన్స్ అక్కడ పనికొస్తుందా అని అడిగాను కదా, చివరికి లాయర్‌ను కలిశాను. చెల్లదు. న్యూజెర్సీ వేరే ఏ రాష్ట్రం పర్మిట్‌నూ ఒప్పుకోదు, దారిలో వచ్చే మేరీలాండ్ కూడా అంతే. టెనెసీ, వర్జీనియాల్లో మాత్రం చెల్లుతుంది.

గన్‌తో రాష్ట్రాలు దాటేవాళ్లను 1986 నాటి ఫెడరల్ చట్టం కాపాడుతుందని చాలామంది చెప్పారు, నేనూ దాన్నే నమ్ముకున్నాను. కానీ అది తూటాలు తీసేసి, డిక్కీలో పెట్టుకుని దాటిపోయేవాళ్లకు, అదీ బయల్దేరిన చోటా చేరే చోటా పిస్టల్ వెంట ఉంచుకునే హక్కు ఉన్నవాళ్లకే. నేను చేరేదే న్యూజెర్సీ, అక్కడ పర్మిట్ లేకుండా దొరికితే జైలు దాకా వెళ్లే నేరం. ఇది ముందే తెలియకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ భయమేస్తోంది.

2021 నుంచి టెక్సస్‌లో లైసెన్స్ అక్కర్లేదన్న మాట, బయట గన్ వెంట ఉంచుకోవడం రాజ్యాంగ హక్కన్న 2022 సుప్రీంకోర్టు తీర్పు, ఈ రెండూ నా ప్రశ్నకు సంబంధం లేనివని తేలింది.

ఇంట్లోనే సేఫ్‌లో పెట్టి తాళం వేసి వెళ్లు తమ్ముడూ అని ఇక్కడ సలహా ఇచ్చిన అన్నకు, మిగతా అందరికీ చాలా థాంక్స్. అదే చేశాను, పిల్లలతో టెన్షన్ లేకుండా వెళ్లొచ్చాం.